‘ప్రొసీడ్’ నొక్కేది మనకు నేర్పించింది ఎవరప్పా?

పోయిన నెల కళ్యాణదుర్గం దిక్కు ఒక ఊర్లో నెట్ అంగడి కాడ కూర్చోనుంటి. ఒక పెద్దాయన భూమి కాగితం ఒకటి తీసుకుందామని వచ్చినాడు. అంగడి పిల్లోడు సర్కారు సైటు తెరిచినాడు. ఏ శాఖ సైటో పేరెందుకులే, ఈ కత దాని ఒక్కదానిదే కాదు. తెర మీద ఎర్ర త్రికోణం, దాని కింద ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అని వచ్చింది. పిల్లోడు ఒక్క అక్షరం చదవలేదు. వాని వేలు దానంతకదే అడ్వాన్స్‌డ్ మీదికి పోయింది, ఆడ్నుంచి ప్రొసీడ్ మీదికి పోయింది. పెద్దాయన అడిగినాడు, “ఏంది నాయనా, ఎర్రగా ఏమో వచ్చింది?”

“ఏం లేదు తాతా. గవర్నమెంటు సైట్లు అట్లే వస్తాయి.”

ఆ మాట రెండు దినాలు నా చెవిలోనే తిరిగింది. ఆ పిల్లోడు అబద్ధం చెప్పలేదు. వాడు చూసినంత వరకు అది నిజమే. కానీ అదే ఎర్ర తెర రేపు పీఎం కిసాన్ పేరు పెట్టుకోని వచ్చిన దొంగ లింకు తెరిచినప్పుడు కూడా వస్తాది. వాని వేలు అప్పుడు కూడా ఆడికే పోతాది. దొంగ సైటుకు, మంచి సైటుకు ఒకే రకం హెచ్చరిక వస్తాంటే, మనిషి ఆ హెచ్చరికనే చూడడం మానేస్తాడు. ఈ అలవాటు వాట్సాప్ దొంగలు నేర్పించింది కాదు. మన సర్కారే నేర్పించింది.

ఇప్పుడే ఈ మాట ఎందుకు ఎత్తుతాండానంటే, ఈ ఏడాది ఈ గోల ఇంకా ముదురుతాది. పోయిన ఏడాది అక్టోబర్‌లో గూగుల్ ఒక ప్రకటన చేసింది. 2026 అక్టోబర్‌లో వచ్చే క్రోమ్ నుంచి, తాళం లేని సైటు, అంటే హెచ్‌టీటీపీఎస్ లేని సైటు, ఏదన్నా మొదటిసారి తెరిస్తే ‘ఇది భద్రం కాదు, పోవాల్నా వద్దా’ అని ముందే అడుగుతాదంట. అందరి ఫోన్లలో, మనం ఏ సెట్టింగూ మార్చకపోయినా. ఇంకోపక్క, సైట్లకిచ్చే సర్టిఫికెట్ల ఆయుస్సు కూడా తగ్గించుకుంటా వస్తాండారు. మొన్నటిదాకా 398 దినాలు ఉండె. 2026 మార్చి 15 నుంచి 200 దినాలే. 2027 మార్చి నుంచి 100. 2029 మార్చి నుంచి 47 దినాలు. ఈ లెక్క బ్రౌజర్ కంపెనీలు, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు కూర్చోని 2025 ఏప్రిల్‌లో ఓటేసుకోని తేల్చింది. ఏడాదికి ఒకసారి మార్చేదాన్నే మర్చిపోయే ఆఫీసులు, నెలన్నరకొకసారి ఎట్ల మారుస్తాయి? చేత్తో మార్చుకుంటా కూర్చుంటే వారం వారం ఏదో ఒక సైటు ఎర్రబడతాది.

సరే, అసలు ఈ తాళం ఏందో ముందు చెప్పుకుందాం. ఇంగ్లీషు పుస్తకాల్లో పోస్టుకార్డు, కవరు అని చెప్తారు. మన జిల్లాకు అంతకంటే మంచి లెక్క ఉండాది. తుంగభద్ర ఎగువ కాల్వ తెలుసు కదా. హోస్పేట కాడ డ్యాం నుంచి బయలుదేరి, బళ్లారి జిల్లా అంతా దాటుకోని మన తావుకు వస్తాది. పైకి తెరిచిపెట్టిన కాల్వ. కాగితం మీద మన వాటా 32.5 టీఎంసీలు. దావ పొడుగునా గట్టు మీద మోటార్లు ఉంటాయి, పైపులుంటాయి. ఎవడు ఎంత తోడుకున్యాడో, ఎవడు ఏం కలిపినాడో కడాకు ఉండే రైతుకు తెలీదు. హెచ్‌టీటీపీ అంటే ఈ కాల్వ. మీ ఫోన్ నుంచి సైటు దాకా మాట పోతాంటే దావలో వైఫై ఇచ్చేవాడు, నెట్ కంపెనీ, నడుమ ఎవడున్నా దాన్ని చదవొచ్చు, మార్చొచ్చు కూడా.

ఇంక 1990ల నడుమ సత్యసాయి ట్రస్టు వాళ్లు మన జిల్లాలో తాగునీళ్లకు పైపులేసినారు. ఏడు వందలకు పైగా ఊర్లకు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊర్లకు ఆ పైపు ఎంత తేడా తెచ్చిందో మన పెద్దోళ్లనడిగితే చెప్తారు. మూసిన పైపు. దావలో మోటారు పెట్టడానికి సందు ఉండదు. హెచ్‌టీటీపీఎస్ ఆ మాదిరిది. ఫోను, సర్వరు రెండూ మొదట్లోనే మాట్లాడుకోని ఒక రహస్యం తాళంచెవి తయారుచేసుకుంటాయి. నడుమ ఉండేవానికి కనపడేది అర్థంకాని చెత్త మాత్రమే. వాడు దాంట్లో ఒక్క అక్షరం మార్చినా పట్టుబడతాది. సర్టిఫికెట్ అనేది పైపు అవతలి కొన ఎవరిదో చెప్పే కాగితం. ‘ఈ పేరు గల సైటు వీళ్లదే’ అని ఒక సంస్థ సంతకం పెట్టిస్తాది. అట్ల సంతకం పెట్టే సంస్థల పట్టీ మీ ఫోన్లో ముందే ఉంటాది. కాగితానికి గడువు దాటినా, పేరు తేడా వచ్చినా, సంతకం తెలియనిదైనా ఎర్ర తెర వస్తాది. మీ ఫోన్లో తేదీ తప్పుంటే కూడా వస్తాది, ముందు అది చూసుకోండి.

“కాల్వలో మోటారు పెట్టేది ఎవరప్పా, మా ఫోన్లో ఏముందని?” అంటారేమో. 2015 జూన్‌లో బెంగుళూరులో తేజేష్ జి.ఎన్. అనే ప్రోగ్రామరు తన సొంత సైటునే ఎయిర్‌టెల్ 3జీలో తెరిచి చూసినాడు. ఆయన రాయని కోడు ఒకటి ఆ పేజీలో ఉండె. దావలోనే ఎవరో కలిపినారు. ఆయన ఆ రుజువులన్నీ గిట్‌హబ్‌లో పెట్టినాడు. ఎయిర్‌టెల్ ఏమందంటే, కస్టమర్లు ఎంత డేటా వాడినారో చూసుకునేదానికి పెట్టినామని. ఆ కోడు తయారుచేసిన ఇజ్రాయెల్ కంపెనీ ఫ్లాష్ నెట్‌వర్క్స్ తరపున ఆయనకు లాయర్ నోటీసు కూడా వచ్చింది. ఆ నోటీసుతో మాకు సంబంధం లేదని ఎయిర్‌టెల్ అనింది. మంచికో చెడ్డకో, కలిపిన మాట నిజం. తెరిచిన కాల్వ కాబట్టి కలపగలిగినారు. పైపైతే కుదరదు.

అప్పట్లో తాళం పెట్టుకోవాలంటే డబ్బులు ఖర్చు. 2015 డిసెంబర్ నుంచి ఆ సాకు కూడా పోయింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఊరికే సర్టిఫికెట్లు ఇస్తాండాది, 90 దినాలకొకటి, మిషనే దానంతకదే మార్చుకునేటట్ల. 2018 జులై నుంచి క్రోమ్ తాళం లేని ప్రతి సైటు పక్కన ‘నాట్ సెక్యూర్’ అని రాస్తా వచ్చింది. ఇయ్యాల క్రోమ్‌లో తెరిచే పేజీల్లో నూటికి 95 నుంచి 99 దాకా హెచ్‌టీటీపీఎస్సే అని గూగుల్ లెక్క. ఆ మిగిలిన ఒకటి నుంచి ఐదులో ఎవరుంటారు? పట్టించుకునేవాడు లేని సైట్లుంటాయి. పట్టించుకునేవాడు లేని సైట్లతో పని పడేది ఎవరికి అంటే, ఎక్కువగా మనకే.

ఇప్పుడు అసలు చిక్కు. శానామంది, మన మండలాఫీసు కంప్యూటర్ ఆపరేటర్లతో సహా, సర్టిఫికెట్ తెచ్చి తగిలిస్తే పని అయిపాయ అనుకుంటారు. కాదు. మూసిన పైపు వేస్తిరి, సరే. కానీ ఆ పైపుకు దావలో ఒకచోట పాత కాల్వ నుంచి ఒక తూము కలిపే ఉంటే? పైపులో నీటి ఒత్తిడి తగ్గినప్పుడు పగిలిన జాయింటు కాడ మురికినీళ్లు లోపలికి ఎట్ల గుంజుకుంటాయో మన ఊర్లలో అందరం చూసినదే. పైపు కొత్తదే, వచ్చే నీళ్లు మాత్రం కంపు. సైట్లలో దీన్ని మిక్స్‌డ్ కంటెంట్ అంటారు. పేజీ హెచ్‌టీటీపీఎస్ మీద వస్తాది, దాంట్లో ఫోటోనో, బటన్‌ను నడిపించే స్క్రిప్టో, డౌన్‌లోడ్ అయ్యే కాగితమో పాత హెచ్‌టీటీపీ అడ్రసు నుంచి వస్తాంటాది.

ఇది నాకు ఎట్ల తెలుసంటే, మీరు చదువుతాండే ఈ పోర్టల్‌కే ఈ గతి పట్టింది. కొన్నేండ్ల కింద మేము కూడా తాళం పెట్టుకుంటిమి. సర్టిఫికెట్ ఊరికే వచ్చింది, అర్ధగంట పని. సంబరపడితిమి. తెల్లారి చూస్తే పాత కథనాల్లో సగం ఫోటోలు లేవు. చెనిక్కాయ ధరల పట్టీ చూపించే ముక్క అసలు రాలేదు. ఒక తమ్ముడు ఫోన్ చేసి, “అన్నా, ఎవరో హ్యాక్ చేసినారు” అన్యాడు. ఎవరూ చేయలేదు. ఏండ్ల తరబడి మేమే ప్రతి కథనంలో ఫోటో అడ్రసు పూర్తిగా, ముందర హెచ్‌టీటీపీ అని రాసి పెడతా వచ్చినాము. తాళం వేసినాక బ్రౌజరు వాటిని చూసి, ‘పైపులోకి కాల్వ నీళ్లు రానీయను’ అనింది. మా మీద దాని కోపం న్యాయమైనదే.

బ్రౌజరు అన్నిటినీ ఒకే మాదిరి చూడదు. స్క్రిప్టు అయితే ఊరికే వదలదు. ఎందుకంటే పేజీలోకి వచ్చిన ఒక్క స్క్రిప్టు చాలు, మీరు టైపు చేసే ఆధార్ నంబరు, పాస్‌వర్డు అన్నీ చదివి ఇంకోచోటికి పంపించేదానికి. అందుకే 2013 నాటికే ఫైర్‌ఫాక్స్, క్రోమ్ అట్లాంటివాటిని ఆపేస్తా వచ్చినాయి. ఫోటోలను మొదట్లో చూసీచూడనట్ల వదిలినాయి. తర్వాత క్రోమ్, ‘నేనే దాన్ని హెచ్‌టీటీపీఎస్‌లో అడిగి చూస్తా, ఆడ లేకపోతే చూపించను’ అనేకాడికి వచ్చింది. 2020 నుంచి, పైన తాళం ఉండి లోపల ఫారం మాత్రం హెచ్‌టీటీపీకి పోతాంటే హెచ్చరిస్తాది. అట్లే తాళం ఉండే పేజీ నుంచి తాళం లేని దావలో దిగే పీడీఎఫ్‌లు, ఫైళ్లను కూడా ఆపుతా వచ్చింది.

ఇప్పుడు మీకు గుర్తొచ్చిందా? సబ్మిట్ నొక్కితే ఏమీ కాదు. క్యాప్చా బొమ్మ రాదు. సర్టిఫికెట్ డౌన్‌లోడ్ నొక్కితే తిరుగుతా ఉంటాది. “సర్వర్ డౌన్ అప్పా, రేపు రా” అంటారు. ముప్పై కిలోమీటర్లు బస్సులో వచ్చినాయమ్మ ఆ దినం కూలి పోగొట్టుకోని ఎనిక్కి పోతాది. ప్రతిసారీ ఇదే కారణమని నేను అనను. సర్వర్లు నిజంగా పడిపోయే దినాలు కూడా ఉంటాయి. కానీ శానాసార్లు సర్వర్ బాగానే ఉంటాది, పేజీలో పాత అడ్రసు ఒకటి మిగిలిపోయి ఉంటాది. తెలివైన ఆపరేటర్ ఏం చేస్తాడంటే, క్రోమ్ సెట్టింగుల్లోకి పోయి ఆ సైటుకు ‘ఇన్‌సెక్యూర్ కంటెంట్’ను ‘అలౌ’ చేసి పెట్టుకుంటాడు. పని జరుగుతాది. ఆ కంప్యూటర్లో ఆ సైటుకు తూము శాశ్వతంగా తెరిచినట్టే. ఆ దినం నుంచి ఆ అంగడికి వచ్చే ప్రతి ముసలాయన ఆధార్, ప్రతి ఆడబిడ్డ బ్యాంకు నంబరు ఆ తూము పక్కనుంచే పోతాది. ఆపరేటర్‌ను తిట్టేకి నాకు నోరు రాదు. సైటు బాగుచేయాల్సినోడు చేయకపోతే, జనం ముందర నిలబడేవాడు ఏం చేస్తాడు?

దీనికి మందు ఏమన్నా పెద్దదా అంటే కాదు. మేము చేసింది చెప్తా. డేటాబేస్‌ను ముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టుకుంటిమి (ఇది మర్చిపోవద్దండి, మేము మొదటిసారి మర్చిపోయి ఏడ్చినాము). పాత హెచ్‌టీటీపీ అడ్రసులన్నీ వెతికి మారిస్తిమి. మన సైటులోని ఫోటోలకు అసలు సైటు పేరే లేకుండా సగం అడ్రసు రాస్తే చాలు, పేజీ ఏ దావలో వస్తే ఫోటో ఆ దావలోనే వస్తాది. సర్వరుకు ఒక వరస చెప్తిమి: ‘అప్‌గ్రేడ్ ఇన్‌సెక్యూర్ రిక్వెస్ట్స్’. దీంతో మనం మర్చిపోయిన పాత అడ్రసులను కూడా బ్రౌజరే తాళం దావలో అడుగుతాది. బయటోళ్ల ముక్కలు, వాతావరణం బొమ్మ, విజిటర్ల లెక్క చూపించేది, హెచ్‌టీటీపీఎస్‌లో దొరకనివి పీకి పారేస్తిమి. ఎవరన్నా పాత అడ్రసుతో వచ్చినా కొత్తదానికి తిప్పి పంపేటట్ల చేస్తిమి. అన్నీ సరిగ్గా ఉండాయని తేలినాక, కడాన హెచ్‌ఎస్‌టీఎస్ అనేది పెడితిమి. అంటే, ‘ఈ సైటుకు ఇంక తాళం లేకుండా ఎప్పుడూ రావద్దు’ అని బ్రౌజరుకు ఒట్టు పెట్టించడం. దీంట్లో ఒక మేలుండాది. ఆ ఒట్టు ఉండే సైటుకు సర్టిఫికెట్ తేడా వస్తే, క్రోమ్ ‘ప్రొసీడ్’ అనే మాటే చూపించదు. తోసుకోని పోయేకి దావే ఉండదు. అందుకే దీన్ని అన్నిటికంటే ముందు పెట్టకూడదు, కడాన పెట్టాల.

ముగ్గురం, మూడు రాత్రులు. మాలో ఒకడు ఐటీఐ చదివినాడు, ఒకడు డిగ్రీ ఆపేసినాడు, నేను పదితో ఆపేసినోన్ని. మాకు చేతనైంది, కోట్ల కాంట్రాక్టులు నడిపే శాఖలకు చేతగాదా?

చేతగాక కాదు. జవాబుదారీ ఎవరో తెలియక. సైటు కట్టేది ఒక కంపెనీ. సర్వరు ఇంకొకరిది. డొమైను ఢిల్లీలో ఎవరి చేతిలోనో. సర్టిఫికెట్ గడువు గుర్తుచేసే మెయిలు ఎప్పుడో బదిలీ అయిపోయిన ఆఫీసరు పేరుమీదికి పోతాది. ఇప్పుడు లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు ఆ గుర్తుచేసే మెయిళ్లు పంపడం కూడా 2025 జూన్ నుంచి మానేసినారు. మిషనుతో మార్చుకోండి, మెయిల్ కోసం కాచుకోవద్దండి అని వాళ్ల మాట.

పైస్థాయిలో ఎట్లుంటాదో చూడాలంటే 2014 జులై గుర్తుచేసుకోవాల. గూగుల్ సైట్ల పేరుతో దొంగ సర్టిఫికెట్లు బయటపడినాయి. వాటి మీద సంతకం ఎవరిది? నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌ది, మన ఎన్‌ఐసీది. అంటే పైపు అవతలి కొన ఎవరిదో చెప్పాల్సిన సర్కారు సంతకంతోనే అబద్ధం కాగితం పుట్టింది. సర్టిఫికెట్లు ఇచ్చే పద్ధతిలోకి ఎవరో చొరబడినారని కేంద్రంలో వీటిని చూసే కంట్రోలర్ ఆఫీసు తేల్చింది. ఎన్‌ఐసీ సంతకం అధికారాన్ని రద్దు చేసినారు. గూగుల్ ఇంకొంచెం ముందుకు పోయి, ఇండియా సర్కారు కింద పుట్టే సర్టిఫికెట్లను క్రోమ్‌లో జీఓవీ డాట్ ఇన్, ఎన్‌ఐసీ డాట్ ఇన్ లాంటి ఏడు పేర్ల వరకే నమ్మేటట్ల కట్టడి చేసింది. ఒక దేశం సర్కారుకు ఇది చిన్న అవమానం కాదు. మన తెలుగు చానళ్లలో ఎంతమంది దాన్ని చర్చ పెట్టినారో మీరే గుర్తుచేసుకోండి.

ఇంతసేపూ పైపు గురించి చెప్తి. ట్యాంకు గురించి చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినోన్ని అవుతా. పైపు ఎంత గట్టిదైనా, ట్యాంకు మూత తెరిచిపెడితే ఏం లాభం? ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది యాడ? మన నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చిరి. అదే పథకం కూలీల లెక్కలు ఏమైనాయో చూడండి. 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. ఆధార్ నంబర్లు బాహాటంగా పెట్టిన సర్కారు సైట్లు నాలుగింటిని చూసినారు. ఆ నాలుగింట్లో రెండు ఆంధ్రప్రదేశ్‌వే. ఉపాధి హామీ రోజువారీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఒకటి. మళ్లీ 2018లో గృహనిర్మాణ సంస్థ సైటులో 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు కులం, మతం వివరాలతో సహా కనపడినాయి. కొన్ని దినాలకే ఉపాధి హామీ కూలీలవి 89 లక్షల మందివి. వీటిని బయటపెట్టింది హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి. దావలో ఎవరూ దొంగిలించలేదు ఇవి. సైటే చేటలో పోసి వాకిట్లో పెట్టింది. తాళం ఉండే సైటైనా అట్ల పెడితే అంతే.

రిజిస్ట్రేషన్ కాగితాలదీ అదే కత. 2018లో తెలంగాణలో సిమ్ కార్డులు అమ్మే ఒకడు రిజిస్ట్రేషన్ శాఖ సైటు నుంచి భూమి దస్తావేజులు దింపి, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, ఊరూపేరూ తెలియని మనుషుల పేర్లతో సిమ్‌లు నడిపించి దొరికినాడు. ఇట్లాంటి ముద్రలతోనే ఆధార్ మిషన్ల కాడ బ్యాంకు ఖాతాల నుంచి డబ్బు లాగిన కేసులు కూడా తర్వాత వచ్చినాయి. అందుకే, ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోండి, వేలిముద్ర కావాల్సిన పూట తెరుచుకోవచ్చు.

ఇంకో మోసం, తాళం బొమ్మనే నమ్మడం. దొంగలకు కూడా లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఊరికే ఇస్తాది కదా. 2020 చివరికే దొంగ సైట్లలో పదింట్లో ఎనిమిదింటికి పైగా తాళం ఉండేవని ఫిషింగ్ మీద లెక్కలు తీసే అంతర్జాతీయ బృందం చెప్పింది. తాళం చెప్పేది ఒక్కటే: దావలో ఎవరూ వినలేరు అని. అవతల ఉండేవాడు మంచోడని కాదు. దొంగతో రహస్యంగా మాట్లాడినా రహస్యమే కదా. గూగుల్ వాళ్లు 2021లో అడిగి చూస్తే తాళం అర్థం సరిగ్గా చెప్పినోళ్లు నూటికి 11 మందే. అందుకే 2023 సెప్టెంబర్‌లో క్రోమ్ నుంచి ఆ తాళం బొమ్మనే తీసేసి, రెండు గీతలు, రెండు చుక్కలు ఉండే బొమ్మ పెట్టినారు. మీ ఫోన్లో తాళం కనపడకపోతే అందుకే. కంగారుపడొద్దండి, సైటు పేరు చదవండి. జీఓవీ డాట్ ఇన్ అని కడాన ఉండాల, నడుమ కాదు.

ఈ రెండూ కలిపి చూడండి ఇప్పుడు. దొంగ సైటు శుభ్రంగా, తాళంతో, ఎర్ర తెర లేకుండా తెరుచుకుంటాది. సర్కారు సైటు గడువు దాటిన కాగితంతో ఎర్రగా తెరుచుకుంటాది. పల్లె మనిషి కండ్లకు ఏది నమ్మకంగా కనపడతాది? 2025 జనవరి 30న మన రాష్ట్రంలో వాట్సాప్‌లోనే సేవలు అని ‘మన మిత్ర’ మొదలుపెట్టినారు, 161 సేవలతో. ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పుతాదంటే నాకూ సంతోషమే. కానీ వాట్సాప్‌లో వచ్చే లింకును నమ్మమని ఒకపక్క, వాట్సాప్‌లో వచ్చే లింకును నమ్మొద్దని పోలీసుల పోస్టరు ఇంకోపక్క. నడుమ మా అవ్వ ఏది నమ్మాల? డబ్బు పోయినాక స్టేషన్‌కు పోతే మొదటి మాట, “నువ్వే కదమ్మా నొక్కింది” అని. నొక్కింది ఆమే. నొక్కకపోతే పని జరగదని ఏండ్ల తరబడి నేర్పించింది ఎవరు?

2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. జాగ్రత్త తీసుకోని సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చంట. అదే చట్టంలో కేంద్రం ఏ ప్రభుత్వ సంస్థనైనా దాన్నుంచి తప్పించే వీలు కూడా పెట్టుకున్యారు. కాబట్టి ఆ 250 కోట్లను నేను నమ్ముకోని కూర్చోలేదు. నా చేతిలో ఉండేది పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు. మన రాష్ట్రంలో ఊరి స్థాయి ఆఫీసుకైతే ఫీజే లేదు, మండలానికి ఐదు రూపాయలు, జిల్లాకు, ఆ పైన పది.

తమ్ముల్లారా, చెల్లెల్లారా, మీరు చేయగలిగింది ఇది. ఏ సర్కారు సైటు ఎర్ర తెర చూపించినా ముందు స్క్రీన్‌షాట్ తీయండి, తేదీ, టైము కనపడేటట్ల. సైటు పేరు పక్కన బొమ్మ నొక్కితే సర్టిఫికెట్ ఎవరిచ్చినారు, ఎప్పటిదాకా అనేది వస్తాది, అది కూడా తీయండి. ఆ పూటకు ఆధార్, పాస్‌వర్డు, ఓటీపీ ఆడ కొట్టొద్దండి. పని ఆగుతాది, తెలుసు. సచివాలయంలో రాతమూలకంగా ఇవ్వండి, ‘సైటు భద్రంగా లేదు కాబట్టి నా పని ఆగింది’ అని. డబ్బే పోయిందంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటలో చేస్తే డబ్బును నడుమ ఆపే వీలు ఎక్కువ.

దరఖాస్తులో ఏం అడగాలంటే, రహస్యాలు అడగొద్దండి, ‘భద్రతా కారణాలు’ అని తిప్పి పంపుతారు. తేదీలు, బాధ్యులు అడగండి. మేము రాసిన ప్రశ్నలు ఇవి. మీ శాఖ సైటు సర్టిఫికెట్ మార్చే బాధ్యత ఏ హోదా ఆఫీసరుది? గడిచిన మూడేండ్లలో ఎన్నిసార్లు గడువు దాటింది, ఏ తేదీల్లో? 200 దినాల నిబంధన వచ్చినాక మిషనుతో మార్చే ఏర్పాటు చేసినారా, లేకపోతే ఎప్పటికి చేస్తారు? కడాసారి భద్రతా ఆడిట్ ఏ తేదీన జరిగింది, చేసిన సంస్థ సెర్ట్-ఇన్ పట్టీలో ఉండాదా? సైటులో హెచ్చరిక వస్తే జనం ఎవరికి ఫోన్ చేయాల, ఆ నంబరు సైటులో యాడ ఉండాది?

ఆ నెట్ అంగడి పిల్లోడే దీన్ని టైపు చేసిచ్చినాడు. చేస్తా చేస్తా మూడో ప్రశ్న కాడ ఆగి, “అన్నా, నిజంగా 47 దినాలేనా?” అని అడిగినాడు. అవునంటి. “అయితే ఇంక నేను దినామూ నొక్కాల్సిందే” అన్యాడు. పోయిన సోమవారం పది రూపాయలు కట్టి, రసీదు తీసుకోని వస్తిమి. ముప్పై దినాల గడువుండాది. ఏ జవాబు వచ్చినా, రాకపోయినా, ఆ కాగితం ఈ పేజీలోనే పెడతా.